రెండు సెన్సర్లు ఒకే రోజు పాడవవు: పాత ఎక్స్‌కవేటర్ కొన్నాక నా అనుభవం

పాత ఎక్స్‌కవేటర్ అమ్మేవాళ్లు చెప్పే మాటల్లో ఈ మధ్య ఒకటి కొత్తగా చేరింది: "చిన్న సెన్సర్ సమస్య అండీ, నాలుగు వేలు పెడితే పోతుంది." అంత చిన్నదైతే ఆ నాలుగు వేలు తానే పెట్టుకుని, బండికి ఇంకో లక్షన్నర ఎక్కువ చెప్పవచ్చు కదా? నేను ఇదే అడిగితే ఆసామి నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు చూశాకే బేరం గట్టిగా ఆడవచ్చని అర్థమైంది.

మాది కోదాడ. పొలాలు చదును చేయడం, కాలువ గట్లు, చెరువుల పూడిక వంటి మట్టిపనులకు బండ్లు బాడుగకు తిప్పుతాను. అంతకుముందు చాలాకాలం విజయవాడ ఆటోనగర్‌లో లారీల వైరింగ్ పని చేశాను. మీటర్ పట్టుకోవడం అక్కడే అలవాటైంది. పాత బండ్ల మీద నాకున్న ధైర్యమంతా ఆ అలవాటు వల్ల వచ్చిందే.

ఈ సెన్సర్ల గొడవ మా రంగంలోకి ఎప్పుడు వచ్చిందో చెబితే మిగతాది సులభంగా అర్థమవుతుంది. టైర్ల మీద నడిచే నిర్మాణ యంత్రాలకు బీఎస్ సీఈవీ-4 కాలుష్య నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అంతకుముందు మా ప్రాంతంలో తిరిగిన 20 టన్నుల బండ్లలో చాలావాటికి మామూలు డీజిల్ పంపు, గేజీలకు రెండు మూడు సెన్సర్లు, అంతే. పంపు మెకానిక్ చెవి పెట్టి విని జబ్బు చెప్పేవాడు. ఆ తర్వాత తయారైన బండ్లలో చాలావాటికి కామన్ రైల్ ఇంజన్ (అన్ని సిలిండర్లకూ ఒకే గొట్టం నుంచి అధిక ఒత్తిడితో డీజిల్ అందేది), దాన్ని నడిపే ఈసీఎం అనే కంప్యూటర్, దానికి సమాచారం మోసే పదీ పన్నెండు సెన్సర్లు ఉంటాయి. 2025 జనవరి 1 నుంచి సీఈవీ-5 కూడా వచ్చింది కాబట్టి 4 నాటి బండ్లు పాతబడి అమ్మకానికి రావడం ఇంకా పెరుగుతుంది. వాటిని బాగుచేసేవాళ్లు మాత్రం అంత వేగంగా పెరగడం లేదు. సెన్సర్ పెట్టె విప్పడం, పాతది పీకడం, కొత్తది బిగించడం, డబ్బు తీసుకోవడం. ఇదే మరమ్మతుగా చలామణీ అవుతోంది.

నేను కొన్న బండి మొగల్తూరు వైపు ఉప్పునీటి రొయ్యల చెరువులు తవ్వినది. గంటల మీటర్ ఆరు వేలు దాటింది. రొయ్యల చెరువుల్లో పనిచేసిన బండి అనగానే నేను ముందు ఇనుము చూడను, వైర్లను కలిపే ప్లగ్గులు, అంటే కప్లర్లు చూస్తాను. ఉప్పుగాలికి చాసిస్ మీద తుప్పు పడితే కంటికి కనిపిస్తుంది. కప్లర్ లోపలి పిన్నుకు చిలుము పడితే ఎవరికీ కనిపించదు.

చూడటానికి వస్తున్నానని చెప్పినప్పుడే ఆసామికి ఒక మాట గట్టిగా చెప్పాను: నేను వచ్చేదాకా బండి స్టార్ట్ చేయవద్దు. తెల్లవారుజామునే వెళ్లాను. పాత బండిని చల్లగా ఉండగా చూడటంలో ఉన్న లాభం సగం రోజు పని చేయించి చూసినా రాదు. రాత్రంతా ఆగి ఉన్న ఇంజన్‌లో నీళ్లు, డీజిల్, లోపలికి పోయే గాలి అన్నీ బయటి వాతావరణంతో సమానమైన వేడిలో ఉంటాయి. తాళం తిప్పి, స్టార్ట్ చేయకుండా స్క్రీన్ చూస్తే ఆ సెన్సర్లన్నీ రెండు మూడు డిగ్రీల తేడాలో ఒకే మాట చెప్పాలి. అలాగే ఆయిల్ ప్రెషర్ సున్నా ఉండాలి. టర్బో ఇంజన్‌లోకి తోసే గాలి ఒత్తిడిని కొలిచే బూస్ట్ సెన్సర్ మొత్తం పీడనం చూపే రకమైతే బయటి వాతావరణ పీడనాన్నే చూపాలి. సముద్రమట్టం దగ్గర అది సుమారు 101 కిలోపాస్కళ్లు. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది. ఇంజన్ ఒకసారి తిరిగిందంటే మళ్లీ మర్నాటి దాకా ఈ అవకాశం ఉండదు.

ఈసీఎం చెప్పే అంకెలు చదివే స్కానర్ తగిలించి చూశాను. గాలి వేడి 26, డీజిల్ వేడి 27. ఇంజన్ నీళ్ల వేడి 80.

"పొద్దున ఒకసారి తిప్పారా?" అని అడిగాను.

"లేదండీ, మీరు వద్దన్నారు కదా" అన్నాడు ఆసామి. అది నిజమే. రేడియేటర్ పై తొట్టి మీద చెయ్యి పెడితే మంచులా ఉంది. చల్లటి నీళ్లు 80 డిగ్రీలని చెబుతున్న సెన్సర్ పాడైన సెన్సర్ కాదు. పాడైతే ఇంత చక్కటి అంకె రాదు. ఎవరో కావాలని ఆ అంకె ఇప్పిస్తున్నారు.

థర్మోస్టాట్ దగ్గర టేపు చుట్టిన చోట విప్పితే దొరికింది. సెన్సర్ దాని చోట బుద్ధిగా కూర్చుని ఉంది, కప్లర్ కూడా తగిలించి ఉంది. దాని వెనక రెండు వైర్లూ కత్తిరించి, ఈసీఎం వైపు కొసల మధ్య చిన్న రెసిస్టర్ అతికించారు. నారింజ, నారింజ, గోధుమ రంగు గీతలు, అంటే 330 ఓమ్‌లు. ఈ రకం సెన్సర్‌లో ఉండేది వేడి పెరిగేకొద్దీ నిరోధం తగ్గే థర్మిస్టర్. 20 డిగ్రీల దగ్గర రెండున్నర వేల ఓమ్‌లు ఉండేది 80 డిగ్రీలకు మూడు వందల పైచిలుకుకు దిగుతుంది. కాబట్టి 330 ఓమ్‌ల ముక్క ఒకటి పెడితే ఈసీఎం జీవితాంతం ఇంజన్ 80 డిగ్రీల్లో హాయిగా ఉందనే నమ్ముతుంది. లోపం చెప్పే కోడ్ రాదు, లైటు వెలగదు. వేడెక్కినప్పుడు బలం తగ్గించి ఇంజన్‌ను కాపాడే ఏర్పాటు చచ్చిపోతుంది. చేసినవాడికి విద్య వచ్చు, అందులో అనుమానం లేదు. అందుకే కోపం ఎక్కువ వచ్చింది.

ఇక్కడ చాలామంది వెనక్కి వెళ్లిపోతారు, వెళ్లడం తప్పూ కాదు. అలా రెసిస్టర్ పెట్టారంటే ఇంజన్ వేడెక్కుతోందని, దాన్ని దాచారని అర్థం. ఎంత వేడెక్కిందో, హెడ్ ఏమైందో దేవుడికే తెలియాలి. నేను రేడియేటర్ మూత తీసి నూనె పొర ఉందేమో చూశాను. స్టార్ట్ చేయించి, నీళ్లలో బుడగలు ఆగకుండా వస్తున్నాయేమో చూశాను. ఇంజన్ ఆయిల్ తెల్లగా మారిందేమో డిప్‌స్టిక్ తీసి చూశాను. ఏవీ లేవు. రేడియేటర్, ఆయిల్ కూలర్ రేకుల మధ్య మాత్రం మట్టీ గడ్డీ నూనెతో కలిసి అట్ట కట్టి ఉన్నాయి. జబ్బు అక్కడుంటే దాన్ని కడగడానికి బద్ధకించి రెసిస్టర్ పెట్టారన్నమాట. ధర బాగా తగ్గించాకే కొన్నాను. లోబెడ్ ట్రైలర్ మీద కోదాడ చేర్చాం.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీలు. ఎవరికీ ఆసక్తి లేని పని ఇది, అయినా ముందు ఇదే. 24 వోల్టుల బండిలో రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరసగా ఉంటాయి, వాటిలో ఒకటి బలహీనమైనా స్టార్టర్ తిరిగేటప్పుడు ఈసీఎంకు అందే కరెంటు కుంగి లేనిపోని కోడ్లు పుడతాయి. మా బండిలో బ్యాటరీలు బాగానే ఉన్నాయి, ఆల్టర్నేటర్ 28 దగ్గర ఇస్తోంది. చాసిస్ ఎర్తు నట్టు విప్పి, రంగూ తుప్పూ గీకి మళ్లీ బిగించాం. ఈసీఎంకూ స్క్రీన్‌కూ మధ్య మాటలు మోసే క్యాన్ వైర్ల జతను బ్యాటరీ తీసేసి కొలిస్తే 60 ఓమ్‌లు వచ్చింది. రెండు కొసల్లో 120 చొప్పున ఉండే రెసిస్టర్లు రెండూ బాగున్నాయని అర్థం. ఇక కోడ్లు.

కోడ్ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే డబ్బంతా పోయేది ఇక్కడే. బండి స్క్రీన్ మీద వచ్చే అంకెలు ఒక్కో కంపెనీవి ఒక్కో రకంగా ఉండవచ్చు. స్కానర్‌లో మాత్రం భారీ బండ్లకు ఉమ్మడిగా వాడే జే1939 పద్ధతిలో రెండు అంకెలు కనిపిస్తాయి. మొదటిది ఎస్‌పీఎన్, ఏ కొలత గురించో చెబుతుంది: 100 అంటే ఆయిల్ ప్రెషర్, 102 అంటే బూస్ట్ ప్రెషర్, 110 అంటే నీళ్ల వేడి. రెండోది ఎఫ్‌ఎంఐ, ఆ కొలతకు ఏమైందో చెబుతుంది. మెకానిక్కుల్లో ఎక్కువమంది మొదటి అంకె చూసి సెన్సర్ కొనడానికి బయలుదేరతారు. అసలు విషయం రెండో అంకెలో ఉంటుంది. 3 అంటే వోల్టేజి ఉండాల్సిన దానికంటే ఎక్కువ, 4 అంటే తక్కువ, 5 అంటే కరెంటు సరిగా ప్రవహించడం లేదు. ఈ మూడూ వైర్లకూ సెన్సర్‌కూ సంబంధించినవి. 0 లేదా 1 వచ్చిందంటే కథ వేరు. సెన్సర్ నిజమే చెబుతోంది, ఇంజనే హద్దు దాటింది. 110కి 0 వస్తే సెన్సర్‌ను కాదు, రేడియేటర్‌ను చూడాలి. మన బండికి రెసిస్టర్ పెట్టినవాడు సరిగ్గా ఇక్కడే నిజం చెప్పిన సెన్సర్ గొంతు నొక్కాడు.

మా బండి జ్ఞాపకంలో కనిపించినవి ఇవి: 100కి 4, 102కి 4, 3510కి 4. మూడింటి పక్కనా అవి నమోదైన గంటల మీటర్ అంకె ఉంది. మూడింటికీ ఒకే అంకె.

ఆ ఒకే అంకె చూడగానే నాకు సగం దారి తెలిసిపోయింది. ఆయిల్ ప్రెషర్ సెన్సరూ, బూస్ట్ సెన్సరూ ఇంజన్‌కు రెండు వేర్వేరు చోట్ల ఉంటాయి. ఒకటి నూనెలో, ఒకటి గాలిలో. రెండూ కూడబలుక్కుని ఒకే గంటలో చావవు. వాటిని కలిపేది ఏమిటో 3510 చెబుతోంది. అది ఏ సెన్సర్ అంకే కాదు, ఈసీఎం సెన్సర్లకు పంపే 5 వోల్టుల రెండో సరఫరాది. వీధి మొత్తానికి ఒకే నీళ్ల గొట్టం ఉన్నప్పుడు ఒక్క ఇంటి ముందు పగిలితే అందరి కొళాయిలూ ఎండిపోతాయి. ఇదీ అంతే. ఆ 5 వోల్టుల వైరు ఎక్కడ ఎర్తుకు తగిలినా, దాని మీద బతికే సెన్సర్లన్నీ ఒకేసారి "తక్కువ వోల్టేజి" అంటాయి.

లక్షణం కూడా దీనికి సరిపోయింది. బండి మామూలుగా స్టార్ట్ అవుతుంది, ఐడిల్‌లో చక్కగా ఉంటుంది. బకెట్ నిండా తడిమట్టి ఎత్తి బూమ్ లేపగానే లైటు వెలిగి ఇంజన్ చతికిలబడుతుంది. బూస్ట్ ఎంతో తెలియని ఈసీఎం పొగ రాకుండా డీజిల్ కోసేస్తుంది. ఆయిల్ ప్రెషర్ కూడా తెలియదు కాబట్టి వేగం పెంచనివ్వదు. తాళం తీసి మళ్లీ వేస్తే అంతా మామూలే. ఇంతకుముందు చూసిన మెకానిక్కులు ఎలా డబ్బు తీసుకోగలిగారో ఇందులోనే ఉంది. సెన్సర్ మార్చాలంటే తాళం తీయాలి. మార్చి తాళం వేయగానే బండి బాగైపోయినట్టు కనిపిస్తుంది. మెకానిక్ మోటార్ సైకిల్ గట్టు దిగేలోపే మళ్లీ మొదలు. అప్పుడు ఇంకో సెన్సర్.

5 వోల్టుల వేటకు ముందు నీళ్ల సెన్సర్ సంగతి తేల్చుకున్నాను. రెసిస్టర్ పీకి వైర్లు విడిగా వదిలేస్తే స్కానర్‌లో మైనస్ 40 డిగ్రీలు, కోడ్ 110కి 3. అదే రెండు వైర్లను ఒకదానికొకటి తాకిస్తే వేడి అంకె ఆకాశానికి పోయి కోడ్ 110కి 4. రెండు వైర్లున్న ఏ వేడి సెన్సర్‌కైనా ఈ తిరగేసే పరీక్ష చేయవచ్చు. విడదీస్తే ఒకటి, కలిపితే ఇంకొకటి వస్తే అక్కడి నుంచి ఈసీఎం దాకా అంతా బాగున్నట్టే, ఇక అనుమానం సెన్సర్ మీదే. దాన్ని విప్పి కెటిల్‌లో థర్మామీటర్‌తో పాటు వేసి నీళ్లు కాచాను. వేడి పెరిగేకొద్దీ ఓమ్‌లు బుద్ధిగా దిగుతూ 80 దగ్గర 320కి వచ్చాయి. సెన్సర్ శుభ్రంగా ఉంది! కత్తిరించిన వైర్లు కలిపి మళ్లీ దాన్నే బిగించాను. రేడియేటర్, కూలర్ రేకులను లోపలి నుంచి బయటికి గాలి కొట్టి, తర్వాత తక్కువ ఒత్తిడితో నీళ్లు పట్టి కడిగాం. ఆ మురికి చూసి మా ఆపరేటర్ "అన్నా, ఇందులో వరినాట్లు వేయవచ్చు" అన్నాడు. ఆ తర్వాత మండుటెండలో పని చేసినా వేడి 90 దాటలేదు. పొద్దున స్టార్ట్ చేయగానే వచ్చే తెల్లపొగ కూడా పోయింది. చల్లటి ఇంజన్‌ను వేడిదనుకుని ఈసీఎం డీజిల్ కొట్టినన్నాళ్లూ ఆ పొగ వచ్చింది.

ఆయిల్ ప్రెషర్‌లో ఇంకో తిరకాసు ఉంది. ఇంజన్ ఆగి ఉండగానే స్క్రీన్ అర బార్ చూపుతోంది. ఆగిన ఇంజన్‌లో ప్రెషర్ ఎక్కడిది? సెన్సర్ చూస్తే తళతళలాడుతోంది, ఈ మధ్యే మార్చినట్టుంది. కప్లర్ విప్పితే ఎర్తు పిన్ను చుట్టూ పచ్చటి చిలుము. ఉప్పునీటి చెరువు గుర్తు. మూడు వైర్ల ప్రెషర్ సెన్సర్‌కు ఒకటి 5 వోల్టులు, ఒకటి ఎర్తు, మూడోది సమాధానం మోసే వైరు. సమాధానం సాధారణంగా అర వోల్టు నుంచి నాలుగున్నర వోల్టుల మధ్య ఉంటుంది. ఎర్తు పిన్ను దగ్గర అడ్డు వస్తే సెన్సర్ నిలబడిన నేలే కాస్త పైకి లేస్తుంది, దాంతో సమాధానం కూడా అంత మేర ఎక్కువ చూపుతుంది. కప్లర్ తగిలించి ఉంచి, వెనక నుంచి సన్నటి పిన్ను దూర్చి, సెన్సర్ ఎర్తుకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య కొలిస్తే 0.2 వోల్టులు వచ్చింది. అక్కడ ఇంచుమించు సున్నా ఉండాలి. 10 బార్‌ల సెన్సర్‌కు 0.2 వోల్టులంటే అర బార్. లెక్క అతికినట్టు సరిపోయింది.

ఈ కొలత ఓమ్‌లలో తీస్తే మోసపోతాం. కరెంటు పారనప్పుడు చిలుము పట్టిన పిన్ను ఒక్కోసారి బాగానే కనిపిస్తుంది, పని జరుగుతుండగా వోల్టేజి ఎంత జారుతోందో చూస్తేనే దొంగ దొరుకుతాడు. ఆ పిన్ను తినేసి ఉంది కాబట్టి గీకకుండా కొత్త పిన్ను క్రింప్ చేశాను, అంటే వైరుకు పనిముట్టుతో నొక్కి బిగించాను. బండిలో ఉన్న ప్రతి కప్లర్‌నూ విప్పి, క్లీనర్ కొట్టి, రబ్బరు సీలు తెగినవాటికి సీలు మార్చి బిగించాం. విసుగు పుట్టించే పని, కానీ ఉప్పునీటి బండికి తప్పదు. కప్లర్లలో గ్రీజు కూరడం కొందరికి అలవాటు. ఏ గ్రీజు దొరికితే అది పెడితే రబ్బరు ఉబ్బి తేమ ఇంకా బాగా లోపలికి పోతుంది.

ఇప్పుడు అసలు వేట. ఆగి ఉన్నప్పుడు 5 వోల్టుల వైరు ఎక్కడ కొలిచినా నిండుగా 5 చూపుతోంది. జబ్బు పని చేసేటప్పుడే వస్తుంది కాబట్టి పని చేయిస్తూనే కొలవాలి. బూస్ట్ సెన్సర్ కప్లర్ వెనక పిన్ను దూర్చి, అక్కడి నుంచి పొడవాటి వైర్లు లాగి మీటర్‌ను క్యాబిన్‌లో పెట్టాను. నా మీటర్‌కు కనిష్ఠం, గరిష్ఠం పట్టి ఉంచే బటన్ ఉంది. ఇలాంటి పనికి ఆ బటన్ ఉన్న మీటర్ కొనుక్కోండి, మిగతా హంగులు లేకపోయినా పరవాలేదు. ఆపరేటర్ బూమ్‌ను పూర్తిగా లేపి లివర్ అలాగే పట్టి ఉంచాడు. ఇంజన్ మీద బరువు పడి అది తన చోట్లో ఒక పక్కకు ఒరిగింది. లైటు వెలిగింది. మీటర్‌లో కనిష్ఠం 0.3.

బూస్ట్ సెన్సర్ కప్లర్ విడదీసి మళ్లీ చేశాం. 5 వోల్టులు మళ్లీ పడిపోయాయి. ఆయిల్ ప్రెషర్ సెన్సర్ కూడా విడదీశాం. అయినా పడిపోయాయి. రెండు సెన్సర్లూ వైరుకు తగిలి లేనప్పుడు కూడా జబ్బు వస్తోందంటే అవి నిర్దోషులు. మిగిలింది వైరు, లేదంటే ఈసీఎం. ఈసీఎం అనే మాట వినగానే కొందరు దాన్ని పీకి హైదరాబాద్ పంపేస్తారు. ఊగినప్పుడు మాత్రమే వచ్చే జబ్బుకు ముందు అనుమానించాల్సింది ఊగేదాన్నే. ఈసీఎం ఊగదు. ఇంజన్ ఊగుతుంది, దానితోపాటు వైరింగ్ ఊగుతుంది.

ఇంజన్ ఎందుకు అంతగా ఒరిగిందన్నది నన్ను ఆపింది. మౌంటింగ్ రబ్బర్లు బాగుంటే అంత ఊగకూడదు. టార్చి వేసి చూస్తే ఒక పక్క వెనక రబ్బరు ఉబ్బి, మెత్తబడి, ముద్దలా ఉంది. సరిగ్గా దాని పైనే డీజిల్ ఫిల్టర్. దాని సీలు నుంచి డీజిల్ బొట్లు బొట్లుగా ఏళ్ల తరబడి ఆ రబ్బరు మీద పడుతోంది. ఇంజన్ ఆ మూల కిందికి దిగింది. దిగినప్పుడు తనతో వైరింగ్ కట్టనూ లాగింది. ఆ కట్ట ఫ్లైవీల్ హౌసింగ్ దగ్గర ఒక ఇనుప క్లాంపు కిందుగా పోతుంది. క్లాంపు లోపలి రబ్బరు ఎప్పుడో రాలిపోయి ఇనుప అంచు మిగిలింది.

ముడతల గొట్టం చీల్చి చూశాను. గుప్పెడు వైర్లలో ఒకదాని తొడుగు అరిగి రాగి కనిపిస్తోంది. పాత రాగి నల్లబడి ఉంటుంది, ఇది మాత్రం అద్దంలా మెరుస్తోంది. రోజూ ఇనుముకు రాసుకుంటున్న రాగి అలాగే ఉంటుంది. మీటర్ ఒక కొస ఆ రాగి మీద, ఇంకో కొస బూస్ట్ కప్లర్‌లోని 5 వోల్టుల పిన్ను మీద పెట్టగానే బీప్ మోగింది.

ఆటోనగర్‌లో నాకు పని నేర్పిన పెద్దాయనకు ఫోను చేసి చెప్పాను. "వైరు బాగుచేస్తే సరిపోదురా, డీజిల్ ఆపావా?" అన్నాడు. ఆయన ఎప్పుడూ ఇంతే, మెచ్చుకోడు. కానీ వరస అదే. ముందు ఫిల్టర్ సీలు మార్చాం, తర్వాత మౌంటింగ్ రబ్బర్లు అన్నీ జతగా మార్చాం, ఆ తర్వాతే వైరు. అరిగిన ముక్క కోసేసి, అదే మందం వైరు కలిపి, క్రింప్ చేసి, లోపల జిగురున్న హీట్ స్లీవ్ తొడిగాను. మెలిపెట్టి టేపు చుట్టడం ఇంటి ఫ్యానుకు సరిపోవచ్చు, ఊగే ఇంజన్ మీద ఏడాది కూడా నిలవదు. కట్టకు కాస్త వదులు ఇచ్చి, రబ్బరున్న కొత్త క్లాంపులు వేశాను. జ్ఞాపకంలోని కోడ్లు అన్నీ చెరిపి మళ్లీ బూమ్ లేపి లివర్ పట్టుకున్నాం. 5.01 నుంచి కదల్లేదు.

ఈ పనిలో చేయకూడనివి కొన్ని ఉన్నాయి, మా దగ్గర రోజూ జరుగుతున్నాయి కాబట్టి చెబుతున్నాను. లారీ వైరింగ్‌లో వాడే బల్బు టెస్టర్‌ను ఈసీఎం సెన్సర్ వైర్లకు తాకించవద్దు. బల్బు లాగే కరెంటుకు అవి తట్టుకోవు. ఈసీఎంకు వచ్చే మెయిన్ కరెంటు వైరును పరీక్షించడానికి మాత్రం కప్లర్ విడదీసి అదే బల్బు మంచి పనిముట్టు. పది పోగుల్లో తొమ్మిది తెగిన వైరు కూడా మీటర్‌కు నిండు వోల్టేజి చూపిస్తుంది, బల్బు పెడితే మాత్రం మసకగా వెలిగి బయటపడుతుంది. బకెట్ పళ్లకు వెల్డింగ్ చేసేటప్పుడు బ్యాటరీ తీయకుండా, ఎర్తు క్లాంపు ట్రాక్ మీద ఎక్కడో పెట్టేస్తారు. ఆ కరెంటు బండి మొత్తం తిరిగి వెళ్లాలి, దారిలో ఈసీఎం ఉండవచ్చు. బ్యాటరీ తీయాలి, ఈసీఎం కప్లర్లు విడదీయాలి, ఎర్తును వెల్డింగ్ చేసే ముక్కకే పెట్టాలి. ఇక కామన్ రైల్ గొట్టాల నట్లు ఇంజన్ తిరుగుతుండగా వదులు చేసి గాలి తీయడం పాత పంపు రోజుల అలవాటు. ఇప్పుడు ఆ గొట్టంలో ఒత్తిడి 1,600 బార్‌కు పైన కూడా పోవచ్చు. ఆ ఒత్తిడితో వచ్చే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. కారుతోందేమో చేత్తో తడిమి చూసే పని అసలే వద్దు.

బండి పనిలోకి దిగింది. సెన్సర్ ఒక్కటీ కొనకుండానే అయిపోయిందని అనుకుంటుండగా ఇంకో చిన్న మెలిక మిగిలింది. ఆయిల్ ప్రెషర్ స్క్రీన్ మీద అంకె మరీ అందంగా ఉందని నాకు అనుమానం. ఇంత పాత ఇంజన్‌కు అంత ప్రెషర్ ఉండటం సంతోషించాల్సిన విషయమే, కానీ నేను నమ్మను. ఆయిల్ గ్యాలరీ ప్లగ్గు విప్పి మామూలు ముల్లు గేజీ బిగించాను. ఇంజన్ వేడిగా, పని వేగంలో ఉన్నప్పుడు గేజీ 3.8 బార్ చూపితే స్క్రీన్ 4.6 చూపింది. ఎర్తు చిలుము ఎప్పుడో పోయింది, వైర్లు బాగున్నాయి. తేడా ఆ తళతళలాడే సెన్సర్‌దే. పెట్టె మీద బొమ్మ అదే, కప్లర్ అదే, లోపలి కొలబద్ద వేరు. డూప్లికేట్ సరుకుతో ఇదే ప్రమాదం. పూర్తిగా పని చేయకపోతే కోడ్ వచ్చి పట్టుబడుతుంది. కాస్త తప్పు చెబుతూ పని చేసేదాన్ని ఈసీఎం పట్టుకోలేదు.

సీటు కింద పనిముట్ల పెట్టె సర్దుతుంటే గుడ్డలో చుట్టిన పాత సెన్సర్లు రెండు దొరికాయి. ఒకటి ఆయిల్ ప్రెషర్‌ది, ఒకటి బూస్ట్‌ది. కంపెనీ ముద్రలు, పార్ట్ నంబర్లు ఇంకా చదవగలిగేలా ఉన్నాయి. పాడయ్యాయని పీకేసి, అయినా పారేయడానికి మనసొప్పక ఎవరో దాచినవి. ఆయిల్ ప్రెషర్‌ది కడిగి బిగించాను. ఇంజన్ ఆగి ఉంటే సున్నా, పని వేగంలో గేజీ 3.8, స్క్రీన్ 3.8. బూస్ట్‌ది కూడా తగిలించి చూస్తే ఆగి ఉన్నప్పుడు వాతావరణ పీడనం సరిగ్గా చూపింది. ప్రస్తుతం బండి మీద ఉన్నదీ బాగానే ఉంది కాబట్టి దాన్ని కదపలేదు, ఇది స్పేరుగా ఉంచుకున్నాను.

ఆ తళతళలాడే ఆయిల్ ప్రెషర్ సెన్సర్ నా దగ్గరే ఉంది. ఎవరైనా అప్రెంటిస్ కుర్రాళ్లకు కోసి చూడటానికి కావాలంటే ఉచితంగా ఇస్తాను. ఇంజన్‌కు బిగిస్తానంటే మాత్రం ఇవ్వను.